ముందు ఆగడం నేర్చుకుందాం, తర్వాత పరిగెడదాం

సంక్రాంతికి మొవ్వ వెళ్ళాను. పండగ భోజనం చేసి అరుగు మీద నడుం వాల్చానో లేదో, మా పిన్ని కొడుకు వచ్చి ఫోను నా ముఖం ముందు పెట్టాడు. వీడియో. పామర్రు నుంచి గూడూరు వైపు హైవే మీద అర్ధరాత్రి తీసింది. స్పీడోమీటరు ముల్లు 150 దాటి ఊగుతోంది, వెనక సీట్లో ఎవడో ఈలలు వేస్తున్నాడు, సైలెన్సరు మోతకి చెవులు చిల్లులు పడుతున్నాయి. "ఎలా ఉందన్నయ్యా?" అన్నాడు కళ్ళు మెరిపిస్తూ.

ఎలా ఉంటుంది? ఆ కారు నాదే. ఆ సైలెన్సరు బిగించిందీ నేనే. రెండేళ్ళ క్రితం కొత్తది కొనుక్కుని, ఆ పాత స్విఫ్టుని వాడి చేతిలో పెట్టిన పుణ్యాత్ముణ్ణీ నేనే. అందుకే తిట్లు మింగేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "బ్రేకాయిలు ఎప్పుడు మార్చావురా?"

"అది కూడా మారుస్తారా?" అన్నాడు.

ఈ రాతంతా ఆ ఒక్క జవాబు గురించే.

వాణ్ణి తిట్టే అర్హత నాకేమీ లేదు లెండి. మొదటిసారి ట్రాక్ డేకి వెళ్ళినప్పుడు నేనూ అంతే. ఉద్యోగం, చేతినిండా జీతం, ఇంజనీరింగు డిగ్రీ ఉందన్న పొగరు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద సొంత కారు తోలుకోవచ్చంటే ఎగిరి గంతేసి డబ్బు కట్టాను. ఇక "తయారీ" మొదలు. ఒక షాపువాడి దగ్గరికి వెళ్తే సైలెన్సరు మార్చాడు, రీమ్యాప్ చేశాడు, పక్కల స్టిక్కర్లు అతికించాడు. "పికప్ చూడండి సార్, పిచ్చెక్కిపోతుంది" అన్నాడు. అరవై వేలు వదిలాయి. బ్రేకుల సంగతి వాడు అడగలేదు, నేను చెప్పలేదు. వాడు అడగలేదంటే వ్యాపారం అనుకోవచ్చు. నేను అడగకపోవడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

మూడో రౌండులో స్ట్రెయిట్ చివర బ్రేకు తొక్కితే పెడలు బురదలో కాలేసినట్టు నేల దాకా దిగిపోయింది. అది ట్రాక్ కాబట్టి రోడ్డు పక్కన ఖాళీ ఉంది, మట్టిలోకి దొర్లి ఆగాను. లాగడానికొచ్చిన కుర్రాడు ముందు బంపర్లో బిగించే కొక్కెం అడిగాడు. అదెక్కడుంది? జాకీతోపాటు మొవ్వలో, మా ఇంటి అటక మీద.

అసలేం జరిగిందంటే, ఇంటర్లో చదివిన ఫిజిక్సే. వెయ్యి కిలోల కారుని గంటకి 140 కిలోమీటర్ల నుంచి 60కి తేవాలంటే సుమారు 6 లక్షల జౌళ్ళ శక్తిని వేడిగా మార్చాలి. ఆ వేడితో రెండు లీటర్ల నీళ్ళు కాచుకోవచ్చు. ఒక్కసారి బ్రేకు వేస్తే ఇంత. ట్రాక్ మీద ప్రతి రౌండులోనూ మళ్ళీ మళ్ళీ వేస్తాం, మధ్యలో చల్లారే తీరికుండదు. బ్రేకాయిలుకేమో గాల్లో తేమని పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకానికి ప్రమాణం ప్రకారం కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకూడదు. నూటికి నాలుగు పాళ్ళ లోపు నీళ్ళు చేరితే చాలు, ఆ హద్దు 155కి పడిపోతుంది. సముద్రం గాలి, కాలువలు, చేపల చెరువుల మధ్య బతికే మన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతంలో తేమకి కరువేముంది? ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరి, చక్రం దాకా చేరదు.

అరవై వేలు పెట్టి వేగం కొన్నాను. వెయ్యి రూపాయల్లోపు పనికి బద్ధకించాను.

మా తాతయ్య బండలాగుడు పోటీలకి ఎద్దుల్ని కట్టేవాడు. నెలల ముందు నుంచీ మేత, నడక, గిట్టలు చూసుకోవడం, లాడాలు సరిచూసుకోవడం. కొమ్ములకి రంగులు, మెడలో గంటలు మాత్రం పోటీ రోజు పొద్దున్నే. ఈ వరస ఆయన ఏ కాలేజీలోనూ చదవలేదు. మొవ్వ పక్కనే కూచిపూడి ఉంది. అక్కడ ఏ పిల్లయినా అడవులు రాకుండా నగలు కొనుక్కుని రంగప్రవేశం చేస్తుందా? మనం మాత్రం కొమ్ములకి రంగులేసుకుని పోటీకి వెళ్తున్నాం.

కాబట్టి మొదటిసారి ట్రాక్‌కి వెళ్ళే తమ్ముళ్ళూ, ఇంజన్ జోలికి పోకండి. కంపెనీవాడిచ్చిన ఇంజనే మీకూ నాకూ ఎక్కువ. కొత్త బ్రేకాయిలు పోయించండి, ప్యాడ్ల మందం చూడండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో అవి చెబుతాయి. అరుగుదల లేకపోయినా ముసలి టైరు ముసలిదే. ట్రాక్ మీద వేడికి టైర్లో గాలి పెరుగుతుంది, ప్రతి విడత తర్వాత గేజి పెట్టి చూసుకోండి. వీల్ నట్లు మళ్ళీ బిగించండి. స్టెప్నీ, మ్యాట్లు, నీళ్ళ సీసా అన్నీ దించేయండి. బ్రేకు పెడలు కిందికి దొర్లిన సీసా ఏ ఇంజన్‌నీ లెక్కచెయ్యదు. కొక్కెం మాత్రం దగ్గరుంచుకోండి! చివరి రౌండు నెమ్మదిగా తిరిగి బ్రేకులు చల్లార్చండి, ఆపాక హ్యాండు బ్రేకు లాగకండి. అంతే. ఇందులో వీడియో తీసి చూపించుకునేది ఒక్కటీ లేదు, అందుకే ఎవడూ చెయ్యడు.

"ఇంత తలనొప్పెందుకు, మన హైవే ఖాళీగానే ఉంటుందిగా" అనే మేధావులున్నారు. 150 మీద క్షణానికి 40 మీటర్లు దాటిపోతాం. చూసి, తొక్కి, ఆగేసరికి మంచి టైర్లున్నా నూట యాభై మీటర్లు పడుతుంది. లో బీమ్ వెలుతురు అందులో సగం కూడా అందదు. ఆ చీకట్లో ఏముంటాయి? కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ కాపలా రాళ్ళు. చేపల లారీలు కార్చుకుంటూ పోయిన నీళ్ళు. లైటు లేని ట్రాక్టరు ట్రక్కు. హైవే దిగితే ఒక పక్క కాలువ. ట్రాక్ మీద తప్పుకి శిక్ష మట్టి. ఇక్కడ పొలానికి వెళ్ళే ఎవరో ముసలాయన ప్రాణం. ఆయన మన పందేనికి డబ్బు కట్టలేదు, సంతకం పెట్టలేదు.

చట్టం సంగతీ చెప్పుకుందాం. రోడ్డు మీద పందేలకి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. మామూలు కారు బీమా పందేలకి వర్తించదు. ట్రాక్ మీద గుద్దుకున్నా ఖర్చు మీ జేబులోంచే, అది తెలిసే వెళ్ళండి.

ఇక పెద్దమనుషుల వంతు. "కుర్రాళ్ళు చెడిపోయారు" అనడం తేలిక. వాళ్ళు వెళ్ళడానికి చోటేది? 2003లో హైదరాబాదుకి ఫార్ములా వన్ తెస్తామని హడావుడి చేశారు, 2004లో ప్రభుత్వం మారాక ఆ ఊసే లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు పెట్టారు. వెర్న్ గెలిచాడు, మనం చప్పట్లు కొట్టాం. 2024 రేసు రద్దయింది, చెల్లింపుల మీద ఏసీబీ కేసు మిగిలింది. పెనుకొండలో కార్లు తయారుచేసి ప్రపంచానికి పంపుతున్నాం. కానీ మొవ్వ కుర్రాడు కారుని హద్దుల దాకా తోలి చూడాలంటే సుమారు 450 కిలోమీటర్లు పోయి చెన్నై దగ్గర తోలాలి. అందరూ చూసే రేసు కోట్లు పోసి తెస్తారు. రెండెకరాల చదును స్థలంలో కోన్లు పెట్టి, గట్టిగా బ్రేకు తొక్కితే కారు ఏం చేస్తుందో నేర్పే చోటు మాత్రం జిల్లాకొకటి పెట్టరు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయిస్తారు, అరవై మీద ఆపి చూపించమని ఎవరూ అడగరు.

చోటు లేదు కాబట్టి హైవేనే గతి అంటే మాత్రం ఒప్పుకోను. లేనిదాని కోసం అడుగుదాం, ఉన్నదాన్ని చంపుకోవద్దు.

ఆ సాయంత్రం పెరట్లో జాకీ వేశాం. చక్రం దగ్గర నేను, పెడలు మీద వాడు. "తొక్కు... పట్టుకో... ఆఁ, వదులు." గొట్టంలోంచి వచ్చిన ఆయిలు చింతపండు రసంలా ఉంది. దాన్ని గాజు గ్లాసులో పట్టి వాడి చేతికిచ్చాను. వాడు ఆ గ్లాసు వంక చూశాడు, జేబులోని ఫోను తడుముకున్నాడు, ఏమీ అనలేదు. పిన్ని వచ్చి "ఏంట్రా అది, అలా ఉంది?" అంది. "నీ కొడుకు నిన్నటిదాకా దీని మీద నమ్మకంతో బతికాడు పిన్నీ" అన్నాను.

వచ్చే ట్రాక్ డేకి వాణ్ణి తీసుకెళ్తున్నాను. ఖర్చు నాది. షరతు ఒక్కటే, ఆ సైలెన్సరు పీకేసి పాతది బిగించాలి. బిగించిన పాపం నాదే కాబట్టి పీకే పని కూడా నాదే.

మీ ఇంట్లోనూ ఇలాంటి తమ్ముడో, బావమరిదో ఉండే ఉంటాడు. ఎంత స్పీడు వెళ్తుందని అడక్కండి. బ్రేకాయిలు ఎప్పుడు మార్చావని అడగండి.