కోపించిన రైతు వేషము

కేంద్ర ప్రభుత్వమువారు 2004 జనవరి 21వ తేదీన కిసాన్ కాల్ సెంటర్లను నెలకొల్పిరి. 1800-180-1551 సంఖ్యకు ఫోను చేసి రైతు తన భాషలోనే సేద్యపు సలహా పొందవచ్చును. ఇట్టిచోట సలహా చెప్పువారికి శిక్షణ నిచ్చునపుడు, ఒకరు కోపించిన రైతువేషము వహించి మాటలాడుట మంచి పద్ధతియే. అయితే ఆ వేషము వట్టి కేకలతో ముగియరాదని మా యభిప్రాయము.

రైతు కోపము వెనుక అప్పును, చేతికి రాని పైరును ఉండును. "వరి పసుపెక్కింది, మందు చెప్పమంటే ఈ ఆరాలెందుకయ్యా?" అని వేషధారి గద్దింపవలెను. శిక్షణ పొందువాడు తొణకక, పసుపు ముందుగా ముదురాకులకు వచ్చినదా, లేతాకులకు వచ్చినదా యని యడుగవలెను. మొదటిది నత్రజని లోపమునకు, రెండవది ఇనుము లోపమునకు గుర్తు కావచ్చును. ఇది తెలిసికొనక చెప్పిన మందువలన డబ్బును, అదనును గూడ పోవును.

కావున ఈ వేషమును ఉద్యోగికిగాక అనుభవముగల రైతుకే ఒప్పగింపవలెను. తన మాట వినబడినదో లేదో చివరకు తీర్పు చెప్పవలసినవాడును అతడే. సోదర రైతులారా! అట్టి పిలుపు వచ్చినచో మన సంఘమునుండి ఒకరు తప్పక వెళ్లుడు.