మూడే నిమిషాలు, అయ్యగారూ!

యోబు స్నేహితులను మనం చులకన చేసి మాట్లాడతాం గానీ, వారు చేసిన ఒక మంచి పనిని బైబిలు దాచలేదు. బూడిదలో కూర్చున్న మిత్రుణ్ణి చూసి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఒక్క మాటైనా పలకకుండా అతనితో పాటు నేలమీద కూర్చున్నారు (యోబు 2:13). వారు నోరు తెరిచాకే చిక్కంతా మొదలైంది. సమాధి దగ్గర మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా నాకీ సంగతి గుర్తొస్తుంది. దానికి కారణం నేను చేసిన ఒక తప్పు.

సెమినరీ నుంచి బయటికొచ్చి అప్పటికి రెండేళ్లు కాలేదు. మా సంఘంలో లారీ క్లీనరుగా పనిచేసే యువకుడొకడు ప్రమాదంలో చనిపోయాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం. సమాధుల తోటలో ఉన్నది ఒకే ఒక్క వేపచెట్టు. సంఘ పెద్ద నా చెవి దగ్గరికొచ్చి, ‘మూడే నిమిషాలు అయ్యగారూ, ఆ అమ్మాయి పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు’ అన్నాడు. అలాగేనని తల ఊపాను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం తీసి, పునరుత్థానం మీద సెమినరీలో రాసుకున్న నోట్సంతా విప్పాను. మూడు ముఖ్యాంశాలు, ఒక్కోదానికి ఉపాంశాలు. ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. బాగానే మాట్లాడానని కూడా అనుకున్నాను. అందరూ మట్టి వేశాక, చనిపోయిన అబ్బాయి తండ్రి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి, ‘మావోడి పేరు ఒక్కసారన్నా ఎత్తలేదండి అయ్యగారూ’ అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

పేరు నాకు తెలుసు. పేరు తర్వాత చెప్పడానికే నా దగ్గర ఏమీ లేదు. ముందురోజు రాత్రి ఆ ఇంటికి వెళ్లి అరగంట కూర్చుని ఉంటే తెలిసేది. ఆ అరగంట మిగుల్చుకుని, మరునాడు ఎండలో వాళ్ల అరగంట తీసుకున్నాను. సిద్ధపడనివాడే ఎక్కువసేపు మాట్లాడతాడన్నది నా అనుభవం. మాటలు ఎక్కువైతే లోపల ఏమీ లేదన్నది కనబడదు కదా!

1863 నవంబరు 19న అమెరికాలోని గెట్టిస్‌బర్గ్‌లో, యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధుల స్థలాన్ని ప్రతిష్ఠించారు. ప్రధాన వక్త ఎడ్వర్డ్ ఎవరెట్ దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. తర్వాత లేచిన అధ్యక్షుడు లింకన్ రెండు మూడు నిమిషాల్లో ముగించాడు. మొత్తం సుమారు 270 మాటలు. తాను రెండు గంటల్లో చేరలేని చోటికి మీరు రెండు నిమిషాల్లో చేరారన్న అర్థంలో ఎవరెట్టే మరునాడు ఆయనకు ఉత్తరం రాశాడు. లింకన్ ఆ ప్రసంగాన్ని రైల్లో ఏదో కవరు వెనుక గిలికాడని మన వేదికల మీద చెబుతుంటారు. అది కట్టుకథ. వాషింగ్టన్‌లో బయలుదేరక ముందే తన కార్యాలయపు కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు.

యోనా నీనెవెలో ప్రకటించినట్లు రాయబడిన మాటలు హెబ్రీ భాషలో అయిదే. ఊరంతా గోనెపట్ట కట్టుకుంది. ఇక త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే, కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రలో మూడో అంతస్తు నుంచి పడిపోయాడు (అపొ.కా. 20:9). పౌలు మళ్లీ తెల్లవారేదాకా మాట్లాడాడు కదా అని కొందరు సేవకులు నాతో వాదిస్తారు. నిజమే, కానీ మధ్యలో ఆయన ఆ కుర్రవాణ్ణి బ్రతికించాడు!

ఇప్పుడు నేను చేసే పని చిన్నదే. ముందురోజు ఆ ఇంటికి వెళ్తాను. బైబిలు తెరవక ముందు వింటాను. ఆ మనిషి ఏం తినేవాడు, ఎవరితో పోట్లాడేవాడు, చర్చిలో ఏ మూల కూర్చునేవాడు. వాటిలో ఒక్కటి ఎంచుకుంటాను. దానికి తగిన దేవుని వాగ్దానం ఒక్కటి. రెండూ కలిపి ఒక పేజీ రాస్తాను. వాచీ ముందు పెట్టుకుని పైకి చదువుతాను. నా భార్యకు అర్థం కాని వాక్యం కొట్టేస్తాను. మొదటి మాట, చివరి మాట కంఠస్థం చేస్తాను, ఎందుకంటే తడబడేదీ అక్కడే, ‘చివరిగా’ అంటూ నాలుగుసార్లు సాగదీసేదీ అక్కడే.

సెమీ క్రిస్మస్ సభల్లో మాత్రం ఇది కుదరడం లేదు. రెండు నిమిషాల శుభాకాంక్షలకు పిలుస్తారు. వేదిక మీదున్న పెద్దలకు పేరుపేరునా వందనాలు చెప్పడానికే ఆ రెండూ అయిపోతాయి. చలిలో చిన్నపిల్లలు దేవదూతల బట్టల్లో తెర వెనుక నిలబడి ఉంటారు. సంఘ పెద్దలు మొహమాటపడకుండా చీటీ పంపాలి. పంపితే మేం నొచ్చుకోకూడదు. నేనూ ఒకసారి నొచ్చుకున్నాను, అది వేరే విషయం.

అయితే పొట్టి ప్రసంగం అందరికీ నచ్చదు. ‘పాస్టరుగారు వాక్యం సరిగా చెప్పలేదు, ఏదో తొందరలో ఉన్నారు’ అన్నవాళ్లు మా సంఘంలోనే ఉన్నారు. దూరం నుంచి వచ్చిన బంధువులకు అది లోటుగానే ఉంటుంది. వాళ్లను తప్పుపట్టలేను. ప్రసంగం పొడవును బట్టి చనిపోయినవారికి గౌరవం దక్కిందని నమ్మేలా వారిని అలవాటు చేసింది మేమే.

ఆ క్లీనరు తండ్రి చాలా ఏళ్ల తర్వాత కన్నుమూశారు. అప్పటికి నేను వేరే సంఘంలో ఉన్నాను. అయినా నన్నే పిలిచారు. అదే తోట, అదే వేపచెట్టు. నాలుగు నిమిషాలు మాట్లాడాను. మొదట ఆయన పేరు చెప్పాను. ఆ వెంటనే ఆయన కొడుకు పేరు చెప్పాను.