మెరవని చక్రానికి మెరుగు పెట్టవద్దు

అజీజ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు ఇలా అడిగాడు: "మా కొత్త కారు చక్రాలు నల్లగా, మెరుపు లేకుండా పలకలాగా ఉన్నాయి. వాటి మీద గోధుమరంగు చుక్కలు పడుతున్నాయి. ఇత్తడి సామాను తోమే పాలిష్ పెట్టి రుద్దితే పోతాయా?"

రుద్దవద్దు! రుద్దితే చక్రం అందం పోయినట్టే. ఎందుకో చెబుతాం, వినండి.

మెరుపు ఉండేది రంగులో కాదు, నున్నదనంలో. అద్దం నున్నగా ఉంటుంది గనక దాని మీద పడిన వెలుగు ఒకే దిక్కుకు తిరిగిపోతుంది. అందుకే తళుక్కుమంటుంది. పలక మీద కంటికి కనిపించనంత చిన్న మిట్టపల్లాలు ఉంటాయి. అక్కడ వెలుగు నలుదిక్కులకూ చెదిరిపోతుంది. అదే పలకను తడిపి చూడండి, నిగనిగలాడుతుంది! నీరు పల్లాలను పూడ్చి నున్నగా చేసిందన్నమాట. ఆరగానే మళ్లీ మామూలే.

మెరవని చక్రాల పైపూతలో సిలికా వంటి పొడి కలుపుతారు. ఇసుకలో ఉండేదీ సిలికాయే. పూత ఆరేసరికి ఆ రేణువుల వల్ల సన్నని గరుకు ఏర్పడుతుంది. దీన్నే 'మ్యాట్' అంటారు. పాలిష్‌లోని పొడి ఆ మిట్టలను అరగదీస్తుంది. రుద్దిన చోటల్లా మెరిసే మచ్చ పడుతుంది. పలక మీది నీరు ఆరిపోతుంది, కాని అరిగిన మిట్టలు మళ్లీ మొలవవు గదా! ఇక రంగు మళ్లీ వేయించవలసిందే. పోనీ, మైనమో నూనెనో రాద్దామా? అవి పల్లాల్లో నిండి మచ్చలుగా మెరుస్తాయి, పైగా దుమ్మును పట్టుకుంటాయి.

మరి ఆ గోధుమరంగు చుక్కలేమిటి? చక్రంతోపాటు పోతఇనుముతో చేసిన డిస్కు ఒకటి తిరుగుతుంది. బ్రేకు తొక్కగానే రెండు ప్యాడ్లు దాన్ని ఇటూ అటూ నొక్కి పట్టుకుంటాయి. ఆ రాపిడికి ఇనపరజను వేడివేడిగా రాలి చక్రం మీద పడుతుంది. తడి తగిలితే అది తుప్పుపట్టి చుక్కలవుతుంది. చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల కింద వెళ్లేటప్పుడు బ్రేకు ఎన్నిసార్లు తొక్కుతారో లెక్కపెట్టండి! కారును ఆపడంలో ముందు బ్రేకులకే పని ఎక్కువ. అందుకే ముందు చక్రాలు వెనకవాటికంటె ఎక్కువగా మాసిపోతాయి.

మురికి పట్టాక రుద్దడం కంటె, అసలు పట్టకుండా చూడడం మేలు. అందుకే మ్యాట్ పూతకని ప్రత్యేకంగా తయారుచేసిన సీలెంటు, కోటింగు అమ్ముతారు. ఆ పొర వెంట్రుక మందంలో ఎన్నో వంతు మాత్రమే. అంత పలచన గనక అది పల్లాలను పూడ్చదు, మెరుపు రాదు. నీళ్లు తామరాకు మీదిలాగా బొట్లు కట్టి జారిపోతాయి. రజనుకు పట్టు దొరకదు.

ఈ పని పెద్దవాళ్లతో కలిసి చెయ్యండి. చక్రం చల్లబడాక, నీడలో, బకెట్ నీళ్లలో కాస్త మెత్తని సబ్బు కలిపి మెత్తని బట్టతో కడగండి. బాగా ఆరనివ్వండి. సీలెంటును ముందు లోపలివైపు, కనిపించని చోట కొంచెం రాసి చూడండి. మచ్చ పడకపోతే అంతటా పలచగా రాసి, మిగిలినది తుడిచెయ్యండి. సీసా మీద రాసినంతసేపు తడి తగలనివ్వకండి. కొన్ని నెలలకు నీళ్లు బొట్లు కట్టడం మానితే మళ్లీ రాయాలి.

ఆమ్లం కలిసిన ఘాటైన మందులతో కడగవద్దు. అవి పూతను తినేస్తాయి. అంతేకాదు, అజీజ్‌నగర్ ఉన్నది రెండు పెద్ద చెరువుల నడుమ. 1908లో మూసీ వరదలు వచ్చిన తరవాత, వరదను ఆపడానికీ హైదరాబాదుకు తాగునీరు ఇవ్వడానికీ 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తిచేశారు. ఉస్మాన్‌సాగర్‌నే గండిపేట చెరువంటాం. ఇంటి ముందు పారబోసిన నీరు ఎక్కడికి పోతుందో ఆలోచించండి!

చేసి చూడండి: క్యాబేజీ పైఆకు ఒకటి తీసుకోండి. దాని మీద బూడిద పూసినట్టు కనిపించేవి ఆకు తానే తయారుచేసుకున్న మైనపు రేణువులు. సగం ఆకును పొడి బట్టతో గట్టిగా తుడవండి, మిగతా సగం ముట్టుకోకండి. రెండుచోట్లా నీటిచుక్కలు వెయ్యండి. ఏ సగం మెరిసింది? ఏ సగం మీద నీరు అంటుకుంది? ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు. ఇంట్లో వాళ్లకు మీరే చెప్పండి.