రాయి మనది, లెక్క వాళ్లది

తొలకరి నాలుగు చినుకులు పడితే చాలు, పత్తికొండ నుంచి తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర వైపు పోయే దారుల్లో సేద్యగాళ్ల కంటే ముందు వజ్రాల వేటగాళ్లు కనిపిస్తారు. గుంటూరు నుంచి, బళ్లారి నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వస్తారు. గుడి అరుగు మీద పడక, చెట్టు కింద వంట. వాన కడిగిన ఎర్రనేలలో పొద్దున ఏటవాలు ఎండకు నడుం వంచి, మెరిసేదాని కోసం చాలు వెంట చాలు వెతుకుతారు. దుక్కి తొక్కుతున్నారని పొలం గలాయన అరుస్తాడు. ఎవరికో ఒకరికి రాయి దొరుకుతుంది. వ్యాపారి పొట్లం విప్పి, భూతద్దం పెట్టి చూసి అంకె చెబుతాడు: ఇన్ని లక్షలు, పైన ఇన్ని తులాల బంగారం. మరుసటి రోజు జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త వస్తుంది. ఆ రాయి అక్కడి నుంచి ఎటు పోయిందన్నది మాత్రం ఆ నాలుగు వాక్యాల్లో ఎప్పుడూ ఉండదు.

నాలుగు వందల ఏళ్ల కిందట ఇదే ప్రశ్న వేస్తే వచ్చే జవాబుల్లో ఒకటి అర్మేనియా. ఈ మధ్య ఆ దేశం పేరు మన పత్రికల్లో ఆయుధాల వార్తల్లో కనబడుతోంది. హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ తయారుచేసే ఆకాశ్ క్షిపణి వ్యవస్థను కొన్న మొదటి విదేశాల్లో అది ఒకటి. పినాక రాకెట్లూ కొన్నది. ఎక్కడో కాకసస్ కొండల్లో, సముద్రం లేని చిన్న దేశం. విస్తీర్ణం 30 వేల చదరపు కిలోమీటర్ల లోపు. ఉమ్మడి కర్నూలు, అనంతపురం జిల్లాలు కలిపితే అంతకన్నా పెద్దవి. జనాభా 30 లక్షలు. ఇంత చిన్న జాతికీ మన నేలకూ ఏం సంబంధమని తవ్వితే క్షిపణుల కంటే చాలా ముందు వజ్రాలు బయటపడతాయి.

గోల్కొండ వజ్రం అన్నది అంగడి పేరు. కోటలో గని లేదు. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరులో, మన రామళ్లకోటలో, బనగానపల్లె దగ్గర మునిమడుగులో, అటు వజ్రకరూరులో. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచం వాడుకున్న వజ్రాలన్నీ దాదాపుగా ఈ దేశానివే. వాటిని కొనడానికి వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే గనుల దగ్గరి బేరం గురించి రాసి పెట్టాడు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారట, నోరు మెదపరట. గుడ్డ కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకునే ధర తేలుస్తారట. సీమ ఎద్దుల సంతలో తువ్వాలు కింద వేళ్ల బేరం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. ఇంకో ముచ్చట కూడా చెప్పాడు. పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు చెట్టు కింద తక్కెడ, నాణేల సంచి పెట్టుకుని కూర్చుని, వచ్చిన రాయినల్లా తూచి కొనేవాళ్లట.

ఆ అంగట్లో గుజరాతీలు, పారశీకులు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఉన్నారు. అర్మేనియన్లూ ఉన్నారు. మిగతావాళ్ల వెనుక ఒక రాజో, ఒక కంపెనీయో ఉంది. వీళ్ల వెనుక ఏమీ లేదు. అప్పటికి అర్మేనియాకు రాజ్యమే లేదు. సగం తురుష్క సుల్తానుల కింద, సగం పర్షియా షాల కింద నలుగుతున్న నేల అది.

అరస్ నది ఒడ్డున జుల్ఫా అనే పట్టణం ఉండేది. పట్టు వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. 1604లో తురుష్క సైన్యం వస్తోందని తెలిసి పర్షియా షా అబ్బాస్ ఒక పని చేశాడు. శత్రువుకు గింజ దొరకకూడదని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి జుల్ఫాను తగలబెట్టించాడు. జనాన్ని నది దాటించి తన రాజధాని ఇస్ఫహాన్‌కు తోలించాడు. దాటేటప్పుడు ఎందరో మునిగిపోయారు. మిగిలినవాళ్లు ఇస్ఫహాన్ పక్కన కట్టుకున్నదే కొత్త జుల్ఫా. సుగ్గికి పోవడం ఎట్లుంటుందో మనకు తెలుసు. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను వదిలి గుంటూరు మిరప చేలకు పోయేవాళ్ల ఊళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. కానీ సుగ్గికి పోయినవాడికి తిరిగి రావడానికి ఊరుంటుంది. జుల్ఫావాళ్లకు అదీ లేకపోయింది.

షా ఉద్దేశం కరుణ కాదు, పట్టు ఎగుమతి. ఆ వ్యాపారంతో ఎదిగిన కొత్త జుల్ఫా కుటుంబాలు రెండు తరాలు తిరిగేసరికి ఒక చివర ఆమ్‌స్టర్‌డామ్, వెనిస్, మాస్కో, ఇంకో చివర సూరత్, మచిలీపట్నం, మద్రాసు, మనీలా దాకా మనుషులను నిలబెట్టాయి. వాళ్ల పద్ధతి మన కోరు సేద్యానికి అన్న లాంటిది. జుల్ఫాలో ఉండే షావుకారు, వాళ్ల మాటలో ఖోజా, పెట్టుబడి ఇస్తాడు. కుర్రవాడొకడు ఆ సొమ్ముతో ఏళ్ల తరబడి దేశాలు తిరుగుతాడు. లాభంలో పావో మూడోవంతో వాడి పాలు. కొన్నదీ అమ్మినదీ, దారి సుంకం, ఆఖరికి తిండి ఖర్చు కూడా ఖాతాలో రాయాలి. హొవ్హనెస్ అనే ఒక కుర్రవాడు 1682 నుంచి 1693 దాకా సూరత్, ఆగ్రా, పట్నా మీదుగా టిబెట్టు లాసా వరకు పోయి రాసుకున్న ఖాతా పుస్తకం నేటికీ ఉంది. మోసం చేసినవాడికి జైలు శిక్ష అక్కర్లేదు. ఆ కబురు ఉత్తరాల్లో జుల్ఫా చేరితే వాడికీ వాడి ఇంటికీ ఇక ఎక్కడా అప్పు పుట్టదు. 1748లో ఇంగ్లీషు నౌకాదళం కోరమాండల్ తీరంలో పట్టుకున్న ఒక ఓడలో ఇలాంటి అర్మేనియన్ ఉత్తరాలు పదిహేడు వందల దాకా దొరికాయి. సైన్యం లేనివాళ్లకు ఆ ఉత్తరాలే కోటగోడ.

వజ్రాలకు ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. చిన్నది, బరువు లేనిది, నడుముకు కట్టుకుని ఖండాలు దాటొచ్చు. 1660 ప్రాంతంలో జుల్ఫా వర్తకులు రష్యా జారుకు వందల వజ్రాలు పొదిగిన సింహాసనం కానుకగా ఇచ్చారు. మాస్కో క్రెమ్లిన్‌లో ఇప్పటికీ చూడవచ్చు. బ్రెజిల్ రాళ్లు రాకముందు చేసిన సింహాసనం కాబట్టి అందులోవి ఏ దేశపు రాళ్లో ఊహించుకోవడం కష్టం కాదు. నూరేళ్ల తర్వాత, దాదాపు 190 క్యారెట్ల ఒర్లోవ్ వజ్రం క్యాథరిన్ రాణి చేతికి చేరింది కూడా లాజరెవ్ అనే అర్మేనియన్ కుటుంబం ద్వారానే. అది శ్రీరంగం గుళ్లో దేవుడి కన్ను అని ఒక కథ ఉంది. దొంగిలించిన ప్రతి వజ్రానికీ ఒక గుడి కథ అంటగట్టడం యూరపు అలవాటు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ కుటుంబం తన సంపదలో కొంత 1815లో మాస్కోలో ప్రాచ్య భాషల విద్యాలయంగా మార్చింది.

అర్మేనియన్లు ఇక్కడ వర్తకులుగానే కాదు, మధ్యవర్తులుగానూ పనికొచ్చారు. 1669లో మచిలీపట్నంలో ఫ్రెంచి కంపెనీకి వ్యాపార అనుమతి కావాలంటే గోల్కొండ దర్బారులో మాట చెల్లే మనిషి కావలసి వచ్చింది. ఆ ఫర్మానా తెచ్చింది మార్కారా అనే జుల్ఫా అర్మేనియన్. పని కాగానే ఫ్రెంచి అధికారులు అతన్నే అనుమానించి, బంధించి ఫ్రాన్సుకు పంపారు. అతను అక్కడి కోర్టుల్లో పోరాడాడు. ఇంగ్లీషువాళ్లు ఇంకొంచెం తెలివిగా నడుచుకున్నారు. 1688లో లండన్‌లో ఖోజా పానోస్ కలంతర్‌తో ఒప్పందం రాసుకున్నారు. కంపెనీ ఊళ్లలో అర్మేనియన్లకు ఇంగ్లీషు వర్తకులతో సమానంగా హక్కులు ఇవ్వాలి. ఎక్కడైనా నలభై మంది స్థిరపడితే వాళ్లకు కంపెనీయే చర్చి కట్టించాలి, ఏడేళ్లు పూజారికి జీతమూ ఇవ్వాలి.

చర్చి అన్నది వాళ్లకు ఆదివారం పని కాదు. క్రీస్తు మతాన్ని రాజ్య మతంగా తీసుకున్న మొదటి జాతి తామేనని వాళ్ల గర్వం. సంప్రదాయం ప్రకారం అది 301వ సంవత్సరం. ఆ మతం కోసమే 405 ప్రాంతంలో మెస్రోప్ మష్టోట్స్ అనే సన్యాసి 36 అక్షరాల లిపి కట్టాడు. ఆ అక్షరాలే అంకెలు కూడా. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళులు తొలి తెలుగు శాసనం చెక్కించడానికి నూటడెబ్బై ఏళ్ల ముందు సంగతి ఇది. రాజ్యాలు పోయాయి, ఊళ్లు పోయాయి, ఆ అక్షరాలు మాత్రం వర్తకుల మూటల్లో మద్రాసు దాకా వచ్చాయి.

మద్రాసు కథే నాకు అన్నిటికంటే ఎక్కువ ఇష్టం. మన దత్త మండలాలకు అది 150 ఏళ్లు రాజధాని కదా. పత్తికొండలో 1827 జులై 6న కలరాతో పోయిన సర్ థామస్ మన్రో 1780లో సిపాయి పనికి వచ్చి దిగింది అక్కడే. కోట నుంచి సెయింట్ థామస్ మౌంట్ దండు వైపు పోవాలంటే అడయారు నది మీద ఒక వంతెన దాటాలి. దాన్ని 1726లో తన సొంత డబ్బుతో కట్టించినవాడు ఖోజా పెట్రస్ ఉస్కాన్ అనే అర్మేనియన్. కొండ మీదికి మెట్లూ అతనివే. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకుని, మా వైపు రా అంటే రానన్నాడు. ఆస్తి జప్తు చేశారు. అయినా కదల్లేదు. 1751లో చనిపోతే ఒళ్లు మద్రాసులో పాతిపెట్టి, అతని కోరిక ప్రకారం గుండెను మాత్రం పెట్టెలో పెట్టి జుల్ఫాకు పంపారు.

అదే మద్రాసులో షహమిర్ షహమిరియన్ అనే వర్తకుడు 1772 నాటికి అర్మేనియన్ అచ్చుయంత్రం పెట్టాడు. ఆ యంత్రం మీద వచ్చిన ఒక పుస్తకం అప్పటికి లేని దేశానికి రాజ్యాంగం. 521 అధికరణాలు. రాజు కాదు, చట్టం ఏలాలి. ప్రజలు ఎన్నుకున్న సభ ఉండాలి. ముఖపత్రం మీద 1773 అని ఉన్నా అచ్చు పూర్తయ్యేసరికి పదేళ్లు దాటిందని పండితుల అంచనా. చుట్టూ ఏం జరుగుతోందో చూడండి: ఆర్కాటు నవాబు అప్పుల్లో మునిగి ఉన్నాడు, హైదరు సేన మద్రాసు పొలిమేరల్లో పల్లెలు కాలుస్తోంది, మన పాలెగాళ్లు ఎవరికి కప్పం కట్టాలో తెలియక ఉన్నారు. ఆ మధ్యలో ఒక గుడ్డల వ్యాపారి కూర్చుని, తాను ఎన్నడూ ఏలబోని కొండల దేశానికి చట్టం రాయిస్తున్నాడు. 1794లో హరుత్యున్ ష్మవోన్యన్ అనే పూజారి అక్కడే ‘అజ్దరార్’ తెచ్చాడు. ప్రపంచంలో అర్మేనియన్ భాషకు అదే మొదటి పత్రిక. రెండేళ్లు తిరగకుండానే చందాదారులు చాలక ఆగిపోయింది. పత్రికలు నడిపినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. 158 ఏళ్ల తర్వాత అదే ఊళ్లో పొట్టి శ్రీరాములు ఇంకో జాతికి రాష్ట్రం కావాలని ప్రాణం విడిచారు. రెండు కథలూ తెలిసిన మనిషి నాకు మద్రాసులో ఒక్కరూ తగల్లేదు. అక్కడ ఒక వీధికి అర్మేనియన్ స్ట్రీట్ అని పేరుంటే తమిళులు ‘అరణ్మనైక్కారన్ తెరు’ అని, అంటే రాజమహలు మనిషి వీధి అని అర్థం చేసుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

షహమిరియన్ రాసిన దేశం రావడానికి చాలా కాలం పట్టింది, దారిలో నెత్తురు పారింది. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో అర్మేనియన్ రచయితలను, నాయకులను పట్టుకుపోవడంతో తురుష్క సామ్రాజ్యంలో ఊచకోత మొదలైంది. చనిపోయినవాళ్లు పది లక్షల పైమాటే. అర్మేనియన్లు పదిహేను లక్షలంటారు. అది జాతి నిర్మూలన అని తుర్కియే నేటికీ ఒప్పుకోదు. ఆ తర్వాత సోవియట్ గొడుగు, 1991లో స్వాతంత్ర్యం, అజర్‌బైజాన్‌తో కారబాఖ్ కోసం యుద్ధాలు. 2023 సెప్టెంబరులో కొద్ది రోజుల్లోనే లక్ష మందికి పైగా అర్మేనియన్లు కారబాఖ్ వదిలి వచ్చారు. 2025 ఆగస్టులో వాషింగ్టన్‌లో శాంతి ఒప్పందం ముసాయిదా మీద పొడి సంతకాలైతే పడ్డాయి. వాళ్ల పవిత్ర పర్వతం అరరాత్ మాత్రం రాజధాని యెరెవాన్ నుంచి రోజూ కనిపిస్తూనే సరిహద్దుకు అవతల, తుర్కియేలో ఉంది.

ఢిల్లీ ఈ కథలోకి వచ్చింది పాత స్నేహంతో అనుకుంటే పొరపాటు. అజర్‌బైజాన్ వెనుక తుర్కియే, పాకిస్తాన్ ఉన్నాయి. ఇరాన్ మీదుగా రష్యాకు పోయే వ్యాపార దారి మనకు కావాలి. రష్యా ఆదుకోలేదన్న కోపం యెరెవాన్‌కు ఉంది. లెక్కలు కుదిరాయి, అంతే. తప్పేమీ లేదు, జుల్ఫా వర్తకుడైనా అలాగే ఆలోచించేవాడు. అయితే లెక్క మీద నిలిచిన స్నేహం లెక్క మారేదాకే ఉంటుందని మార్కారాకు ఫ్రెంచివాళ్లు నేర్పిన పాఠం ఢిల్లీలోనూ యెరెవాన్‌లోనూ గుర్తుండాలి.

హైదరాబాద్‌లో ఆకాశ్ తయారీ సంస్థకు పాత కార్ఖానా ఉన్న కంచన్‌బాగ్ నుంచి కొద్ది దూరంలో ఉప్పుగూడ ఉంది. అక్కడ కుతుబ్‌షాహీల కాలపు అర్మేనియన్ సమాధులున్నాయి. పాత జుల్ఫాలో ఇలాంటివే వేల సంఖ్యలో, ఒక్కోటీ లేసు అల్లినట్టు చెక్కిన సిలువ రాళ్లు ఉండేవి. 2005 డిసెంబరు నాటికి అజర్‌బైజాన్ సైనికులు వాటిని సమ్మెటలతో పగలగొట్టి నదిలో పోశారు. అవతలి ఒడ్డున ఇరాన్ నుంచి తీసిన వీడియోలే దానికి సాక్ష్యం. పుట్టిన ఊళ్లో మిగలని రాళ్లు ఉప్పుగూడలో మిగిలాయి. మనం కాపాడామని గొప్ప చెప్పుకోవడానికి లేదు, మరిచిపోయాం కాబట్టి మిగిలాయి.

మళ్లీ జూన్ వస్తుంది. జొన్నగిరిలో ఎవరికో రాయి దొరుకుతుంది, డబ్బు, తులాల బంగారం చేతులు మారతాయి, పొట్లం మడిచి జేబులో పడుతుంది. జుల్ఫా కుర్రవాడైతే ఆ రాత్రికే దీపం దగ్గర కూర్చుని రాసుకునేవాడు: ఏ ఊరు, ఏ తేదీ, ఎంత తూకం, ఎవరి చేతి నుంచి, ఎంతకు.