విందులో మొదటి పళ్లెం మన కళింగరది

గార్లదిన్నె దగ్గర మా పెద్దన్న రెండెకరాల్లో కళింగర పెడతాడు. 2020 ఏప్రిల్‌లో కాయ కోతకొచ్చేసరికి లాక్‌డౌన్ పడింది. లారీ రాలేదు, వ్యాపారి ఫోను ఎత్తలేదు. ఎండకు పగిలినవి ఎనుములకు వేశాం. బోరుకు చేసిన అప్పు మాట వదిన ఎత్తనే లేదు. మిగిలిన కాయలు గంపలో పెట్టుకుని ఊళ్లో ఇంటింటికీ పంచి వచ్చింది.

ఆ గంప నాకిప్పటికీ ప్రతి పెళ్లి విందులో గుర్తొస్తుంది. అనంతపురంలో ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా మొదట చేతికిచ్చేది గోబీ మంచూరియానే. అందులో వేసే కృత్రిమ రంగులను పక్కనున్న కర్ణాటక 2024 మార్చిలో నిషేధించింది కూడా. మన పండ్లకు మాత్రం ఐస్‌క్రీం పక్కన, చివరి బల్ల మీదే చోటు. కడుపు నిండాక వాటినెవరు ముట్టుకుంటారు?

మా ఇంట్లో ఈ వరస మార్చేశాం. లీటరు ఎనుము పాలు కాచి నిమ్మరసంతో విరిచి, గుడ్డలో మూటగట్టి రోటి కింద అదిమితే దాదాపు పావుకిలో పన్నీరు దిగుతుంది. వేలు మందాన ముక్కలు కోసి, ఉప్పు కలిపిన వేడినీళ్లలో పది నిమిషాలుంచి, తడి తుడవాలి. పెనం మీద రెండు చెంచాల శెనక్కాయ నూనె చాలు. నిమ్మతో విరిచిన పన్నీరు వేడికి కరగదు. చిటపటలాడుతూ అంచులు ఎర్రబడతాయి. ఆ వేడి ముక్క పక్కన చల్లటి కళింగర ముక్క, పైన కాస్త మిరియాల పొడి, రెండు పుదీనా ఆకులు. కళింగర లేని రోజుల్లో కర్బూజ, బొప్పాయి, తొక్క తీసిన చీనీ తొనలు. జామకాయకు ఉప్పూకారం అద్దుకు తిన్నవాళ్లకు ఈ రుచి కొత్త కాదు. ఉప్పు తగిలితే పండు తీపి ఇంకా తేలుతుంది.

మనలాగే నీటికి కటకటలాడే సైప్రస్ ద్వీపంలో వేసవి వస్తే ఇదే తిండి. అక్కడివాళ్లు గొర్రె, మేక పాలతో చేసే హలూమి అనే ఉప్పటి చీజ్‌ను కళింగరతో తింటారు. 2021లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుకు చట్టరక్షణ ఇచ్చింది. తమ నేల తిండిని వాళ్లు అంత గౌరవంగా చూసుకున్నారు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే నేల మనది. శెనక్కాయ చేతికి రాని ఏడు ఇల్లు నడిపేది పాడి, బోరు కింది పండ్ల తోట. 2020 సెప్టెంబరులో దక్షిణ భారతంలోనే మొదటి కిసాన్ రైలు మన అనంతపురం నుంచి పండ్లతో ఢిల్లీకి కదిలింది. ఢిల్లీ దాకా పోయిన పండు మన పెళ్లి పందిట్లో ముందు వరసకు రాలేదు.

పన్నీరు ఖరీదంటారు. మనిషికి రెండు ముక్కలు చాలు, మిగతాది పండే. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పునీళ్లలో వేయని ముక్కలు విడిగా కాల్చి పెట్టొచ్చు. పామాయిల్‌తో చేసిన నకిలీ సరుకు మాత్రం వద్దు. పాలతో చేసినదేనా అని అడిగి తీసుకోండి.

ఈ వేసవిలో ఇంట్లో శుభకార్యం పెట్టుకున్నవాళ్లకు నా మనవి ఒక్కటే. వంటమేస్త్రీకి జాబితా రాసిచ్చేటప్పుడు మొదటి వరసలో కళింగర, పన్నీరు అని రాయండి. కాయలు మాత్రం నేరుగా తోటకెళ్లి, రైతు చేతికే డబ్బిచ్చి తెచ్చుకోండి.