బేస్ వాయించింది ఎవరు?

అమీర్‌పేట కోచింగుల నుంచి వచ్చి అన్నాలు తిన్నాక మన వరండాలో తెగని చర్చ ఒకటే: 'గీతాంజలి' (1989) పాటల్లో బేస్ ఎవరిది? ఇళయరాజా దగ్గర ఏళ్ల తరబడి బేస్ గిటార్ వాయించిన శశిధరన్‌దే అని ఒక వర్గం. కాదు, విజీ మాన్యుయెల్ కీబోర్డు అని ఇంకో వర్గం. పందెం మాత్రం ఇరానీ చాయే!

పనిలేని వాదన అంటారు సీనియర్ అన్నలు. నేను ఒప్పుకోను. నాలుగు లావు తీగల ఆ వాద్యం సెల్‌ఫోన్ స్పీకర్‌లో సరిగా వినిపించదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పాటను కింద నుంచి మోస్తున్నది అదేనని తెలుస్తుంది. మోసినవాళ్ల పేరు క్యాసెట్ అట్ట మీద ఎందుకు లేదు? అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకు ప్రాణం పోసిన బేసిస్టు జేమ్స్ జేమర్సన్ పేరు అట్టకెక్కడానికి 1971లో మార్విన్ గే ఆల్బమ్ రావలసి వచ్చింది.

పేరుంటే ఏమొస్తుంది అంటారా? హక్కు వస్తుంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, సినిమాలో ఏదో కాస్త పని చేసి, ఆనవాయితీగా టైటిల్స్‌లో పేరు పడనివారిని ప్రదర్శకులుగా లెక్కించరు. తమ పనిని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే మిగులుతుంది. పాటంతా వినిపించే బేస్ 'ఏదో కాస్త పని' ఎలా అవుతుంది?

మా నాన్న తాపీమేస్త్రీ. పంజగుట్టలో ఆయన గోడలు కట్టిన అపార్టుమెంటు మీద బిల్డర్ పేరుంది. అందుకేనేమో, ఈ వాదనలో నాకు గొంతు పెరుగుతుంది.

రీడింగ్ రూములో ఒక నోటుబుక్కు పెట్టాను. తెలిసిన వాద్యకారుల పేర్లు రాయండి. ఆ పేరు ఎక్కడ చూశారో కూడా రాయండి.