బొమ్మసంద్రకు అందని ఆహ్వానము

బెంగుళూరు కస్తూర్బా రోడ్డునందలి ‘మ్యాప్’ అను కళా ఛాయాచిత్ర ప్రదర్శనశాల, కరోనా కాలమున ద్వారములు తెరచుట సాధ్యముగాక, 2020 డిసెంబరులో అంతర్జాలముననే అవతరించి, 2023 ఫిబ్రవరిలో గాని స్వంత భవనమున సందర్శకులకు ప్రవేశమొసగలేదు. తెరమీద చిత్రములను జూపుట మేలే. అంధులు సైతము తడిమి తెలిసికొనునట్లు స్పర్శయోగ్యములైన ప్రతిరూపములను నిలుపుట అంతకంటె మేలు. కాని బెంగుళూరు శివారునందలి బొమ్మసంద్ర కర్మాగారములలో షిఫ్టులవారీగా శ్రమించు కార్మికులకు (వారిలో మన తెలుగువారును కలరు) 2025 ఆగస్టులో పసుపు మార్గపు మెట్రో వచ్చినను ఆ చిత్రశాల పరాయిదిగనే యున్నది. దారి యేర్పడినంతమాత్రమున ఆహ్వానము అందినట్లు కాదు గదా! ఆహ్వానము అందినచోట నేమగునో చూడుడు: హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియములో గంట కొట్టు గడియారపు బొమ్మకై సామాన్యజనము గుమిగూడుట చూచి పెదవి విరచు పండితులున్నారు. నాకు మాత్రము ఆ గుంపే అచ్చటి ఘనకార్యముగా తోచును. కావున మ్యాప్‌వారు చిత్రముల నకళ్లతో, తెలుగు కన్నడములు పలుకు వ్యాఖ్యాతతో, ఆదివారములందు బొమ్మసంద్ర మెట్రో స్టేషనునకే తరలి రావలెను.